నార్వేజియన్ సమాసాలు: విరుపు, ఊనిక, తెలుగు లిపి (ప్రాజెక్టు డైరీ)

ఏం కడుతున్నాం

నార్వేజియన్‌లో రెండు మూడు నామవాచకాలు కలిస్తే మధ్య ఖాళీ వదలరు, ఒకే పదంగా రాసేస్తారు. చదివేవాళ్లకు ఎక్కడ విరవాలో, ఏ అక్షరం మీద బలం పెట్టాలో రాతలో కనపడదు. అలాంటి పదాన్ని ఇస్తే నాలుగు వరసలు తిరిగి ఇచ్చే చిన్న పైథాన్ పనిముట్టు ఇది: ముక్కలు, లైను చివర విరవదగిన చోట్లు, తెలుగు లిపిలో ఉచ్చారణ, ఊనికా తానమూ చూపే గుర్తులు. ఆస్లో, స్టావంగర్‌లలో ఉద్యోగాలు చేస్తూ భాష నేర్చుకుంటున్న తెలుగువాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. ఉచ్చారణకు ఆస్లో చుట్టుపక్కల తూర్పు మాటని ప్రమాణంగా తీసుకున్నాం. రాత బూక్మోల్, అంటే నార్వేజియన్‌కున్న రెండు రాత ప్రమాణాల్లో ఎక్కువమంది వాడేది.

మాటల వాడకం గురించి ముందే ఒక మాట. ఈ డైరీలో అక్షరం అంటే సిలబుల్. రోమన్ లిపిలోని ఒక్కో గుర్తుని లెటర్ అంటాం. ఊనిక అంటే బలంగా పలకడం, తానం అంటే పదం పలికేటప్పుడు గొంతు ఎక్కే దిగే తీరు. తానాలు రెండు, వాటి తేడా 6వ వారంలో వస్తుంది.

నార్వేజియన్ మాటలన్నీ పలికే తీరులోనే తెలుగులో రాశాం. మామూలు టీ, డీ లెటర్లకు త, ద వాడాం. ఇంగ్లీషు అలవాటు కొద్దీ మనం టీ కనపడగానే ట రాస్తాం. ఇక్కడ అది నేరుగా తప్పు. నార్వేజియన్ టీని నాలుక పళ్ల దగ్గర ఆనించి పలుకుతారు. ట కూడా ఆ భాషలో ఉంది, కానీ ఆర్ పక్కన టీ వచ్చినప్పుడే. కత్ అంటే పిల్లి, కట్ అంటే మ్యాపు. రెంటికీ తేడా త, ట లే. రాతలో మ్యాపుకి ఆర్ ఉంటుంది, నోట్లో ఉండదు. ఇంగ్లీషువాళ్లు వారాల తరబడి సాధన చేసే ఈ తేడాని తెలుగు పిల్లాడు పుట్టుకతో పలుకుతాడు. లిపిలో ట డ ణ ళ ష సిద్ధంగా ఉండగా వాటిని వాడుకోకపోవడం అన్యాయం.

1వ వారం: పదాల సరుకు

మూలాలు రెండు, రెండూ నార్వే నేషనల్ లైబ్రరీలోని స్ప్రోక్‌బాంకెన్ నుంచి ఉచితంగా దొరుకుతాయి. మొదటిది ఎన్‌ఎస్‌టీ ఉచ్చారణ నిఘంటువు. వోస్ ఊళ్లో నడిచి 2003లో దివాలా తీసిన నోర్డిస్క్ స్ప్రోక్‌టెక్నాలజీ అనే కంపెనీ సరుకు ఇది. 7 లక్షలకు పైచిలుకు పదరూపాలు, ఒక్కోదానికీ ఉచ్చారణ ఉన్నాయి. రెండోది నోర్స్క్ ఊర్‌బాంక్: పదం, దాని వ్యాకరణ వర్గం, రూపాలన్నీ ఇస్తుంది. మొదటిది ఉచ్చారణకు, రెండోది ఏది నామవాచకమో తేల్చడానికి.

ఎన్‌ఎస్‌టీ ఫైల్లో ఉచ్చారణ గడిలో నాలుగు గుర్తులు మనకు ముఖ్యం. $ అంటే అక్షరానికీ అక్షరానికీ మధ్య గీత. " ఒకసారి వస్తే ఒకటో తానంతో ముఖ్య ఊనిక, రెండుసార్లు వరసగా వస్తే రెండో తానం. % అంటే ఉప ఊనిక. తానం గుర్తులు కొటేషన్ గుర్తులే కాబట్టి ఫైలుని మామూలు సీఎస్‌వీ రీడర్‌తో తెరిస్తే రెండో తానం ఉన్న వరసలు పక్క వరసలతో అతుక్కుపోతాయి. కోట్ గుర్తుల్ని పట్టించుకోవద్దని రీడర్‌కి చెప్పి, సెమికోలన్ దగ్గర మాత్రమే కోయాలి. ఎన్‌కోడింగ్ కూడా తెరవగానే పరీక్షించాలి: నెత్తిన సున్నా ఉన్న ఏ, గీత కొట్టిన ఓ ఉన్న పదాలు పది తీసి కళ్లతో చూడండి. అవి చెడితే తర్వాత దశలన్నీ చడీచప్పుడు లేకుండా చెడతాయి.

జాబితా తయారీలో రెండు కోతలు పెట్టాం. సమాసం చివరి ముక్క నామవాచకమే అయ్యుండాలి. మొదటి ముక్క నామం, విశేషణం, క్రియాధాతువు, ఏదైనా కావచ్చు. మూడు లెటర్ల కన్నా చిన్న పదాల్ని తీసేశాం. తీసేయకపోతే రెండు లెటర్ల సర్వనామాలు, సహాయక క్రియలు ప్రతి పదంలోనూ దూరి దాన్ని పచ్చడి చేస్తాయి. అయితే ఐసు, టీ, ఊరు, సంవత్సరం, ఆవు, దీవి లాంటి రెండు లెటర్ల మంచి నామాలు నిజంగానే సమాసాల్లో వస్తాయి. వాటిని చేత్తో ఏరి ఒక చిన్న అనుమతి జాబితాలో పెట్టాం. ఈ జాబితా 30 దాటకుండా చూసుకోవాలి. పెరిగిన కొద్దీ తప్పు విరుపులు పెరుగుతాయి.

2వ వారం: ఆగమాలు

ముక్కకీ ముక్కకీ మధ్య అప్పుడప్పుడు ఒక లెటర్ వచ్చి కూర్చుంటుంది: ఎస్ గానీ ఈ గానీ. మన వ్యాకరణంలో నిలువు, అద్దం కలిసి నిలువుటద్దం అయినప్పుడు మధ్యలో టు వచ్చినట్టే. టుగాగమం తెలిసినవాళ్లకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. అందుకే కోడ్‌లో కూడా వేరియబుల్ పేరు ఆగమం అనే పెట్టాం.

బాణ్ అంటే పిల్లవాడు, హాగె అంటే తోట. కలిస్తే మధ్యలో ఈ వచ్చి బాణెహాగె, అంటే పిల్లల బడి. అర్బైద్ అంటే పని, ప్లస్ అంటే చోటు. మధ్యలో ఎస్ వచ్చి అర్బైద్స్‌ప్లస్.

ఎప్పుడు ఎస్ వస్తుందో పూర్తిగా నియమాలకు లొంగదు కానీ గట్టిగా నమ్మదగినవి రెండున్నాయి. మొదటి ముక్క చివర షూన్, హేత్, స్కాప్, దుమ్, ఇఙ్, ఎల్సె లాంటి ప్రత్యయం ఉంటే ఎస్ దాదాపు తప్పదు. రెండోది మరీ ముచ్చటైనది: మొదటి ముక్కే సమాసమైతే ఎస్ రావడానికి ఇష్టపడుతుంది. వైన్ గ్లాసు అంటే వీన్‌గ్లస్, ఎస్ లేదు. రెడ్ వైన్ గ్లాసు మాత్రం రోవీన్స్‌గ్లస్. అంటే ఆ ఎస్ 'ఇక్కడే పెద్ద విరుపు' అని చదివేవాడికి చెబుతోంది. మూడు ముక్కల పదంలో చెట్టు ఎటు కట్టాలో, అంటే ఏ రెండు ముక్కలు ముందు జతకడతాయో తేల్చడానికి దీన్నే సాక్ష్యంగా వాడాం. అయితే ఇది అన్నివేళలా రాదు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వాడే మాటలో మొదటి ముక్క సమాసమే అయినా ఎస్ లేదు. అందుకే ఎస్ ఉంటే మార్కు వేస్తాం, లేకపోతే మార్కు తీయం.

విరుపు వెతకడం మామూలు డైనమిక్ ప్రోగ్రామింగే: ఎడమ నుంచి ప్రతి స్థానం దగ్గరా 'ఇక్కడి దాకా చవకైన విరుపు ఏది' అని గుర్తుంచుకుంటూ పోవడం. ఖర్చులు ఇలా పెట్టాం: ఒక్కో ముక్కకి 10, ఎస్ ఆగమానికి 2, ఈ ఆగమానికి 3. ముక్కలు తక్కువైతే ఖర్చు తక్కువ. ఖర్చు సమానమైతే, చివరి ముక్క జాబితాలోని ఇతర సమాసాల చివర ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి ఎక్కువ వచ్చినదాన్ని ఎంచుతాం.

చివరి ముక్క నామమే కావాలన్న కోత ఇక్కడ బాగా కాసింది. కారు విడిభాగాలు అనే మాటని బీల్‌దేలర్ అంటారు. లెటర్ల వరస చూస్తే బిల్దె అంటే బొమ్మ, లేర్ అంటే నవ్వుతుంది, అలా కూడా తెగుతుంది. లేర్ క్రియ కాబట్టి 'బొమ్మ నవ్వుతుంది' అన్న విరుపు తనంతట తనే రాలిపోయింది. ఫిస్కెరెస్తర్, అంటే మిగిలిపోయిన చేప ముక్కలు, అంత తేలిగ్గా లొంగలేదు. ఫిస్కర్ అంటే జాలరి, ఎస్తర్ అంటే కెమిస్ట్రీలో వచ్చే ఎస్టర్, రెండూ నామాలే. జాలరి ఎస్టర్ అనే విరుపులో ఆగమం కూడా లేదు కాబట్టి చవక కూడా! ఫిస్కె అంటే చేపలు పట్టడం అన్న నామంగా జాబితాలో ఉండటంతో రెంటి ఖర్చూ 20 అయింది, అప్పుడు రెస్త్ అనే ముక్క వాడుకలో ఎక్కువ కాబట్టి నెగ్గింది. ఇలాంటి పదాలకు రెండో స్థానంలో వచ్చిన విరుపుని కూడా తెరమీద చూపించడం మంచిదని అప్పుడు అర్థమైంది. ఖర్చు తేడా 2 లోపుంటే రెండూ చూపిస్తున్నాం.

3వ వారం: మింగేసిన లెటర్

నార్వేజియన్ రాతలో ఒకే హల్లు వరసగా మూడుసార్లు రాయరు. బస్సు అనే మాట చివర రెండు ఎస్‌లు, స్టాపు మొదట ఒక ఎస్. కలిపితే మూడు కావాలి, రాతలో రెండే మిగులుతాయి: బి, యు, ఎస్, ఎస్, టి, ఓ, పి, పి. రాత్రి రైలు కూడా అంతే. నత్ చివర రెండు టీలు, తోగ్ మొదట ఒకటి, రాతలో రెండే. ఫుట్‌బాల్ జట్టు, అంటే ఫూత్‌బల్‌లాగ్‌లో ఎల్‌లు మూడు కావాలి, రెండే ఉంటాయి. ఇది సంధి విడదీయడం లాంటి పని, లోపించిన వర్ణాన్ని తిరిగి నిలబెట్టాలి.

కోడ్‌లో చేసింది ఇది. ఎడమ ముక్క జంట హల్లుతో ముగిసిన ప్రతిచోటా, మిగిలిన భాగాన్ని రెండు రకాలుగా వెతుకుతాం: ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి, ఆ హల్లుని ముందు అతికించి ఇంకోసారి. మొదట్లో అతికించినందుకు 4 ఖర్చు వేశాం. అది తప్పుడు నిర్ణయం. ట్రాఫిక్ జామ్‌కి నార్వేజియన్‌లో త్రఫిక్‌కొర్క్ అంటారు, కొర్క్ అంటే సీసా బిరడా. రాతలో కే లు రెండే. పనిముట్టు దీన్ని త్రఫిక్, ఒర్క్ అని విరిచింది. ఒర్క్ కూడా నిజమైన నామమే, శ్రమతో కూడిన పని అని అర్థం. అతికింపు ఖర్చు 4 వల్ల అసలు విరుపు 24, తప్పు విరుపు 20. ఆ 4 తీసి 0 చేశాక రెండూ సమానమై, వాడుక లెక్కలో కొర్క్ నెగ్గింది. రాత నియమం వల్ల తప్పనిసరిగా జరిగే లోపానికి జరిమానా వేయకూడదు. అది అరుదైన సంగతి కాదు, నియమం.

లైను చివర విరిచేటప్పుడు మింగేసిన ఆ లెటర్ తిరిగి రావాలి. బుస్ తర్వాత హైఫెన్ పెట్టి కింది లైన్లో స్తొప్ రాస్తే మొత్తం మూడు ఎస్‌లు కనపడాలి. వెబ్ పేజీల్లో వాడే సాఫ్ట్ హైఫెన్ ఈ పని చేయలేదు, అది గీతని మాత్రమే చూపిస్తుంది, లెటర్‌ని పుట్టించలేదు. అందుకని వెబ్ కోసం ఇచ్చే అవుట్‌పుట్‌లో ఇలాంటి చోట్ల విరుపు గుర్తు పెట్టడమే మానేశాం. పేజీలు కూర్చే టెక్ (TeX) అనే పనిముట్టులో మాత్రం డిస్క్రెషనరీ ఆదేశం ఉంది, మూడు గడులు ఇస్తుంది: విరిగితే పై లైను చివర ఏం రావాలి, కింది లైను మొదట ఏం రావాలి, విరగకపోతే ఏం ఉండాలి. బస్ స్టాపులో బి, యు, ఎస్ రాసి, ఆ తర్వాత మొదటి గడిలో ఎస్ హైఫెన్, రెండో గడిలో ఎస్, మూడో గడిలో ఎస్ పెట్టి, మిగతా టి ఓ పి పి రాయాలి. విరగనప్పుడు ఎస్‌లు రెండు, విరిగితే మూడు. కాగితం మీద ఒకసారి లెక్కపెట్టి చూసుకుంటే మళ్లీ పొరపాటు రాదు.

ముక్క లోపల విరుపుకి నియమం తేలిక: రెండు అచ్చుల మధ్య ఎన్ని హల్లులున్నా చివరి ఒక్కటే కింది లైనుకి పోతుంది. గుర్రానికి హెస్-తెన్. ఒకే ధ్వనికి వాడే ఎస్‌జే, ఎస్‌కేజే, కేజే గుంపుల్ని విడదీయరు. తెలుగు లిపి అలవాటు దీనికి పూర్తిగా ఎదురు. మనం పు-స్త-కం అని సంయుక్తాన్ని మొత్తం తర్వాతి దానికి అంటిస్తాం. కాబట్టి తెలుగులో రాసిన ఉచ్చారణ చూసి హైఫెన్ పెట్టకూడదు, పెడితే ప్రతి సంయుక్తం దగ్గరా తప్పు వస్తుంది. రాత విరుపుకీ పలుకు విరుపుకీ వేర్వేరు వరసలు ఉంచింది అందుకే. ఆగమం ఎప్పుడూ ఎడమ ముక్కతోనే ఉంటుంది.

4వ వారం: ముక్కల మధ్య గోడ

ఇక్కడే రెండు వారాల పని తిరిగి చేయాల్సి వచ్చింది. ఉచ్చారణ నిఘంటువులో దొరకని పదాలకు లెటర్ల నుంచి ధ్వని కట్టే నియమాలు రాశాం. వాటిని మొత్తం పదం మీద ముందు నడిపి, తర్వాత ముక్కలు చేశాం. వరస తిరగబడింది. ఏం జరిగిందో మూడు పదాల్లో చూడొచ్చు.

వీన్‌గ్లస్‌లో ఎన్, జి పక్కపక్కన ఉన్నాయి. ముక్కలు తెలియని నియమం వాటిని ఙ గా మార్చి విఙ్-లస్ అంది. వైన్ గ్లాసు కాస్తా ఏ అర్థమూ లేని మాటయింది, పైగా దీర్ఘం పోయింది.

రెత్స్‌శిల్దె అంటే న్యాయశాస్త్రంలో చట్టానికి ఆధారం. రెత్, ఎస్ ఆగమం, శిల్దె. ఐ ముందు వచ్చిన ఎస్‌కే ని నార్వేజియన్‌లో ష అంటారు, కే ఒక్కటే వస్తే శ అంటారు. ఆగమం ఎస్‌ని, తర్వాతి ముక్క కే ని కలిపి చూసిన నియమం రెత్-షిల్దె అని పలికింది. శ, ష తేడా మన వర్ణమాలలో విడివిడిగా ఉంది, పలకడంలో మనలో చాలామంది కలిపేస్తాం. నార్వేలో కుర్రకారు కూడా ఇప్పుడు శ ని ష లోకి కలిపేస్తున్నారు, పెద్దవాళ్లు దాని మీద బాధపడుతున్నారు.

బాణె-ఈద్రెత్ అంటే పిల్లల క్రీడలు. ఈ, ఐ లెటర్లు పక్కపక్కన పడేసరికి అర్బైద్‌లోని ఐ ధ్వనిలా చదివి బా-ణైద్-రెత్ అంది. నాలుగు అక్షరాల పదం మూడయింది, ఉప ఊనిక పెట్టాల్సిన ఈ అక్షరమే మాయమైంది.

దిద్దుబాటు: నియమాల్ని రెండు డబ్బాలుగా విడదీశాం. మొదటి డబ్బాలోవి ముక్క లోపలే పనిచేస్తాయి, గోడ దాటవు. ఎన్‌జి ని ఙ చేయడం, ఎస్‌కే ని ష చేయడం, రెండు అచ్చుల్ని కలపడం అన్నీ ఇందులోవే. రెండో డబ్బాలోవి ముక్కలు అతికాక గోడ మీదుగా నడుస్తాయి. అందులో ముఖ్యమైనది ఒక్కటే: ఆర్ తర్వాత త, ద, న, ల, స వస్తే ఆర్ పోయి అవి ట, డ, ణ, ళ, ష అవుతాయి. వింతర్ అంటే చలికాలం, తీద్ అంటే కాలం, కలిస్తే వింతెటీద్. సొమ్మర్, దాగ్ కలిస్తే సొమ్మెడాగ్, వేసవి రోజు. వోర్ అంటే వసంతం, సూల్ అంటే సూర్యుడు, కలిస్తే వోషూల్. విరుపు గుర్తు ఇలా పుట్టిన మూర్ధన్యానికి (ట, డ, ణ, ళ, ష లలో ఒకదానికి) ముందు పెట్టాలి: విం-తె-టీద్. ఆర్‌ని ఎడమ అక్షరంలో ఉంచి వింతెర్-టీద్ అని రాస్తే చదివేవాళ్లు రెండూ పలుకుతారు, అది తూర్పు మాట కాదు.

ఇక పొడవు. ఇది నియమాలన్నింటి కన్నా ఎక్కువ పదాల్ని పాడుచేసింది. నార్వేజియన్‌లో ఊనిక ఉన్న అచ్చు తర్వాత ఒక హల్లుంటే దీర్ఘం, రెండుంటే హ్రస్వం. తాక్ అంటే ఇంటికప్పు, కే ఒకటి. తక్ అంటే కృతజ్ఞత, కే రెండు. సమాసంలో తర్వాతి ముక్క మొదటి హల్లు పక్కన చేరేసరికి రెండు హల్లులున్నట్టు కనిపిస్తుంది. మిగిలిపోయిన తిండిని మాత్‌రెస్తర్ అంటారు. పనిముట్టు మత్రెస్తర్ అని హ్రస్వం చేసింది. ఇంటి పెంకుని తాక్‌స్తైన్ అంటారు, దాన్ని తక్స్త్ అనే ఇంకో నిజమైన పదంతో మొదలుపెట్టి చదివింది (తక్స్త్ అంటే విలువ కట్టడం). ముక్కలు ముందు, పొడవు తర్వాత అని వరస మార్చగానే ఇవన్నీ కుదుటపడ్డాయి. ఒక్క మినహాయింపు చేత్తో రాసుకోవాలి: పదం చివర ఎమ్ లెటర్‌ని రెండుసార్లు రాయరు. గదికి రుమ్ అంటారు, రాతలో ఎమ్ ఒకటే, పలుకులో హ్రస్వం. హోటల్ గది హుతెల్‌రుమ్. రాత చూసి రూమ్ అని దీర్ఘం తీయకూడదు.

5వ వారం: ఊనిక, గురువుతో తనిఖీ

నియమం రెండు వాక్యాలే. మొదటి ముక్కలో సొంతంగా ఊనిక ఉన్న అక్షరం సమాసానికి ముఖ్య ఊనిక తీసుకుంటుంది. కుడివైపు ముక్కలో సొంత ఊనిక ఉన్న అక్షరం ఉప ఊనికగా తగ్గుతుంది.

'మొదటి ముక్క' అన్నదాన్ని 'మొదటి అక్షరం' అని చదవడం అందరూ చేసే పొరపాటు. రైల్వే స్టేషన్ స్తషూన్, బలం రెండో అక్షరం మీద. స్టేషన్ మాస్టరు స్త-షూన్స్-మెస్-తర్, ముఖ్య ఊనిక షూన్స్ మీద, ఉప ఊనిక మెస్ మీద. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇంకా పొడుగు: ఉ-ని-వె-షి-తేత్స్-బి-బ్లి-ఉ-తేక్. ముఖ్య ఊనిక అయిదో అక్షరం మీద, ఉప ఊనిక తొమ్మిదో అక్షరం మీద పడతాయి. చాక్లెట్ కేకు షు-కు-లా-దె-కా-కె లో లా మీద, కా మీద.

మూడు ముక్కలున్నప్పుడు ముందు చెట్టు కట్టాలి. రోవీన్ ఒక జంట, దానికి గ్లస్ చేరింది. కుడి సగం గ్లస్, ఉప ఊనిక దానికే. మధ్యలో ఉన్న వీన్ రోవీన్‌గా ఉన్నప్పుడు మోసిన ఉప ఊనికని వదిలేస్తుంది, గుర్తు పెట్టం. పొడవు మాత్రం అలాగే ఉంటుంది.

ఇప్పుడు తనిఖీ. ఛందస్సు చదివినవాళ్లకు ఈ భాష ఊనిక ఒక్క మాటలో అర్థమవుతుంది: ఊనిక ఉన్న అక్షరం గురువు కాక తప్పదు. దీర్ఘమైనా అవ్వాలి, హ్రస్వం తర్వాత హల్లు దానికి ఆనుకుని అయినా ఉండాలి. తాక్ దీర్ఘం వల్ల గురువు, తక్ చివరి హల్లు వల్ల గురువు. సొమ్మర్‌లో ద్విత్వానికి ముందున్న సొ గురువు, అచ్చం మన సూత్రం. తిరగేస్తే నిజం కాదు: గురువు అయినంత మాత్రాన ఊనిక ఉండదు, మెస్తర్‌లో తర్ కూడా గురువే. కోడ్‌లో ఇది ఏడెనిమిది వరసల ఫంక్షన్: అవుట్‌పుట్‌లో ముఖ్య ఊనిక గానీ ఉప ఊనిక గానీ లఘువు మీద పడితే ఆ పదాన్ని ఎర్రజాబితాలో వేయి. ఎర్రజాబితాలో పడ్డవాటిని తెరిచి చూస్తే తప్పు దాదాపు ఎప్పుడూ మూడింట్లో ఒకటి: విరుపు తప్పు, ద్విత్వాన్ని మొత్తం కుడి అక్షరానికి నెట్టేయడం, లేదా ఊనికని ఆగమం ఈ మీద పెట్టడం. ఈ మూడోది చూడగానే తెలుస్తుంది, ఆగమం ఈ ఎప్పుడూ లఘువే.

ఊనిక మొదటి ముక్క మీద పడని సమాసాలు కొన్ని ఉన్నాయి, వాటిని కంఠస్థం చేయించాల్సిందే. గుడ్ ఫ్రైడే లఙ్-ఫ్రే-దాగ్, బలం ఫ్రే మీద. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం యూల్-అఫ్-తన్, బలం అఫ్ మీద. శతాబ్దం అనే మాటలో బలం సంవత్సరం అనే ముక్క మీద కాదు, హుంద్రె అంటే వంద మీద. నైరుతి దిక్కుకి రెండో ముక్క మీద. ఊరి పేర్లలో క్రిస్టియన్‌సాండ్‌కి చివరి ముక్క మీద. వీటిని విడి ఫైల్లో పెట్టాం, నియమాలు దాన్ని చూశాకే నడుస్తాయి.

ఒక జాగ్రత్త: ఇన్‌పుట్‌లో ఖాళీ ఉంటే పనిముట్టు దాన్ని తనంతట తాను కలపకూడదు. శిల్లిఙ్‌లేవర్ ఒకే పదమైతే కోడి కాలేయం. మధ్య ఖాళీ పెడితే 'కోడిపిల్ల బతికుంది' అనే వాక్యం, రెండు పదాలకూ సమానంగా రెండు ముఖ్య ఊనికలు. నార్వేలో హోటల్ మెనూల్లో, దుకాణం బోర్డుల మీద ఇలా విడగొట్టి రాయడం గురించి అక్కడివాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. వాళ్ల బాధ న్యాయమైనది. ఆ ఖాళీ ఊనికని మారుస్తుంది, ఊనిక అర్థాన్ని మారుస్తుంది.

6వ వారం: తానం

తూర్పు మాటలో ఒకటో తానం కింద మొదలై పైకి పోతుంది. రెండోది పైన మొదలై దిగి మళ్లీ ఎక్కుతుంది. స్టాక్‌హోం వైపు స్వీడిష్‌లో సమాసాలన్నిటికీ రెండో తానమే, పని తేలిక. నార్వేలో అలా కాదు, మొదటి ముక్కని అడగాలి. సొమ్మర్‌ది రెండో తానం కాబట్టి వేసవి సెలవులకీ రెండోదే. వింతర్‌ది ఒకటో తానం కాబట్టి చలికాలం సెలవులకీ ఒకటోదే. సెలవులు అనే ముక్క రెంటిలోనూ ఒకటే.

మొదటి ముక్క ఒకే అక్షరమైతే చిక్కు మొదలవుతుంది. రెండో తానానికి కనీసం రెండక్షరాల చోటు కావాలి కాబట్టి ఏకాక్షర పదాలన్నిటికీ నిఘంటువు ఒకటో తానం గుర్తే వేస్తుంది. ఆ గుర్తుకి అర్థం లేదు, వేరే దారి లేక పెట్టినది. మా మొదటి కోడ్ దాన్ని నమ్మి సమాసానికి మోసుకొచ్చింది, బాణెహాగెకి కూడా ఒకటో తానం వేసింది. దానిది రెండోది. ఇప్పుడు పద్ధతి మార్చాం: మొదటి ముక్క ఏకాక్షరమైతే దాని సొంత గుర్తుని పట్టించుకోకుండా, నిఘంటువులో అదే ముక్కతో, అదే ఆగమంతో మొదలయ్యే సమాసాలన్నీ తీసి ఎక్కువమంది చెప్పినదాన్ని తీసుకుంటాం. కనీసం 3 సమాసాలు దొరకాలి. దొరక్కపోతే ఎస్ ఆగమం ఒకటో తానం వైపు, ఈ ఆగమం రెండో తానం వైపు మొగ్గుతాయన్న ధోరణిని వాడి, పక్కన ప్రశ్నార్థకం పెడతాం. ఆగమమే లేకపోతే తానం గడి ఖాళీగా వదిలేస్తాం. తప్పు తానం నేర్పడం కన్నా ఖాళీ మేలు.

పూర్తయిన అవుట్‌పుట్ బాణెహాగెకి ఇలా వస్తోంది:

ముక్కలు: బాణ్ + (ఈ) + హాగె
రాత విరుపు: బార్-నె-హా-గె
పలుకు: బా-ణె-హా-గె
గుర్తులతో: ""బా $ ణె $ %హా $ గె

రెండో వరసలో ఆర్, ఎన్ విడివిడిగా గీతకి అటూ ఇటూ ఉన్నాయి. మూడో వరసలో రెండూ కలిసి ణ అయి కుడివైపు చేరాయి. ఈ తేడా సరిగ్గా వస్తే మిగతా పదాలు కూడా సరిగ్గా వస్తున్నాయని నమ్మొచ్చు, అందుకే కోడ్‌లో ఏ మార్పు చేసినా మొదట నడిపే పరీక్ష ఈ పదమే.

మిగిలిన పని

బెర్గెన్ మాట కోసం ఒక స్విచ్ పెట్టాలి. అక్కడ ఆర్‌ని గొంతులోంచి పలుకుతారు కాబట్టి మూర్ధన్యాలు పుట్టవు: రెండో డబ్బాలోని ఆర్ నియమం ఆపేస్తే చాలు, వింతెటీద్ తిరిగి వింతెర్‌తీద్ అవుతుంది. తానం ఆకారం కూడా తిరగబడుతుంది, పడమటి మాటల్లో ఒకటో తానం పైన మొదలవుతుంది. గుర్తులు మార్చనక్కర్లేదు, వివరణ వాక్యం మార్చాలి. ఉత్తరాన తానాల తేడాయే లేని ప్రాంతాలకు " గుర్తు ఒక్కటే మిగుల్చుతాం.

నోరు గుండ్రంగా పెట్టి పలికే మూడు అచ్చులకు తెలుగులో అక్షరం లేదు. రోవీన్‌లోని ఓ నిజానికి ఓ కాదు, పెదాలు ఓ లా పెట్టి లోపల ఏ అనాలి. ప్రస్తుతం దగ్గరి అచ్చు రాసి కింద చుక్క పెడుతున్నాం. ఫోన్లలో కొన్ని ఫాంట్లు ఆ చుక్కని పక్క అక్షరం కిందకి జరిపేస్తున్నాయి, గుణింతం మీద అయితే మరీ ఎక్కువ. చుక్క బదులు అక్షరం రంగు మార్చి చూడటం వచ్చే వారం పని.